విశ్వవిద్యాలయములందు ఇస్లామీయ నాగరికతాధ్యయనము



ఇస్లామీయ నాగరికతను, ముసల్మాను సమాజములను విశ్వవిద్యాలయములందు అధ్యయనము చేయు విద్య యెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములవారికి దానితో నేమి పని యనునవి నేటి ప్రసంగ విషయములు. చదువుకొరకు నగరమునకు పోబోవు బాలుడో బాలికయో “నేనీ శాస్త్రమును చదివెదను” అన్నచో ఇంటి పెద్దలు రెండు ప్రశ్నలడుగుట సహజము. “అది వారి మతవిద్య గదా, మనకేల?” యనునది మొదటిది. “అది కూడు పెట్టునా?” యనునది రెండవది. ముసల్మాను కుటుంబములలో మొదటి ప్రశ్న వేరొక రూపము దాల్చును: “మదరసాలో మౌల్వీగారు చెప్పుచునే యున్నారు గదా, మరల విశ్వవిద్యాలయమేల?” ఈ మూడు ప్రశ్నలకును చరిత్రయే సమాధానము చెప్పగలదు.

ముందుగా మన యింటి పెట్టెను తెరచి చూతము. అందు భూముల కాగితములుండును. వానిలోని మాటలను గమనింపుడు. రైతు, జిల్లా, తహసీలు, హక్కు, ఇనాము, కిస్తు, బాకీ, వసూలు, అసలు, నకలు, రద్దు, వకీలు—ఇవి యన్నియు అరబ్బీ మూలము గలవి. దస్తావేజు, జమీను, జాగీరు—ఇవి పారసీ పదములు. వానకాలపు పంటను ఖరీఫనియు, యాసంగి పంటను రబీ యనియు సర్కారువారు వ్రాయుదురు. అరబ్బీలో ఖరీఫనగా శరదృతువు, రబీ యనగా వసంతము. తారీఖను మాట మనకు దినమును మాత్రమే తెలుపును; అరబ్బీలో చరిత్రకు గూడ నదియే పేరు. మొయినాబాదు పేరు చివరనున్న ‘ఆబాదు’ పారసీ పదము. జనులు కాపురముండు చోటని దాని యర్థము. హైదరాబాదు చుట్టునున్న భూములనేకము నిజాము ప్రభువుల సొంత ‘సర్ఫెఖాసు’ భూములై, ‘అత్రాఫె బల్దా’ యను జిల్లాగా నుండెను. నగరపు చుట్టుపట్లు అని యా పేరునకు అర్థము. 1949లో ఆ సర్ఫెఖాసు ప్రభుత్వమున కలిసిపోయినది. పేరు పోయినది గాని కాగితములు మన పెట్టెలలో మిగిలియే యున్నవి.

ఆ కాగితములపై ఫసలీ సంవత్సరము వ్రాసియుండును. దాని వెనుక నొక చక్కని గణితము కలదు. ముహమ్మదు ప్రవక్త 622వ సంవత్సరమున మక్కానుండి మదీనాకు తరలిపోయెను. హిజరీ శకము అప్పటినుండి లెక్కింపబడుచున్నది. అది శుద్ధ చాంద్రమానము. దాని సంవత్సరమునకు సుమారు 354 దినములు. మన పంచాంగమునందు చాంద్రమానమే యున్నను, అధికమాసమును చేర్చి దానిని సూర్యగతితో సరిపెట్టుదుము. హిజరీ గణనమునందు అధికమాసము లేదు. కావుననే రంజాను మాసము ఏటేట సుమారు పదునొకండు దినములు ముందునకు వచ్చుచు, ముప్పదిమూడేండ్లలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఉపవాసమునకు నది చెల్లును గాని శిస్తునకు చెల్లదు. పంట యింటికి రాకమునుపే కిస్తు గడువు వచ్చిపడును. ఈ చిక్కు తీర్చుటకై అక్బరు పాదుషా కాలమున, పంటను బట్టి సాగు ఫసలీ లెక్క యేర్పడినది. ఫసలనగా పంటయే. షాజహాను కాలమున నది దక్కనునకు వచ్చినది. మన కాగితములపై నున్న ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో క్రీస్తు శకము దొరకును. 1330 ఫసలీ యనగా 1920–21. నిజాము రాజ్యపు ఫసలీ మాసములకు ఆజరు, దై, బహ్మను మొదలైన పేర్లుండెను. అవి ఇస్లాము పుట్టుటకు పూర్వమే ఇరాను దేశమునందున్న పేర్లు.

ఇప్పుడు ఆలోచింపుడు. ఒక్క పట్టా కాగితముపై అరబ్బీ మాట, ప్రాచీన ఇరాను మాసము, తెలుగు గ్రామము పేరు, తెలుగు కాపు పేరు కలిసియున్నవి. ఇట్టి కూడికనే నాగరికత యందుము. ఏ పోగు ఎచ్చటినుండి వచ్చినది, ఎవరు నేసిరి, ఎందుకు నేసిరి యని విప్పి చూపుటయే యీ శాస్త్రము పని. అది పరాయివారి యింటి ముచ్చటయని యెవరైన నన్నచో, నేను వారి భూమి కాగితమునే వారికి చూపుదును.

ఇక మదరసా విద్యకును విశ్వవిద్యాలయ విద్యకును గల భేదమును చెప్పవలెను. మదరసాలో ఖురాను, హదీసు, ధర్మశాస్త్రము మొదలైనవి శ్రద్ధతో, గురుపరంపరగా, ఆచరణమునకై నేర్పుదురు. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున అన్వరుల్లా ఫారూఖీగారు హైదరాబాదున స్థాపించిన జామియా నిజామియా యట్టి విద్యాపీఠము. మన వేదపాఠశాలవలె నది విద్యను కాపాడు చోటు. దాని గౌరవము దానికి కలదు. విశ్వవిద్యాలయమున నీ విషయమును చదువువాడు ముసల్మాను కావచ్చును, హిందువు కావచ్చును, క్రైస్తవుడు కావచ్చును. అచ్చట “నీవేమి నమ్ముదువు?” అని యడుగరు, “నీ మాటకు ఆధారమేమి?” అని యడుగుదురు. గ్రంథము, శాసనము, నాణెము, కట్టడము, రాజపత్రము, వర్తకుని లెక్క—ఇవి యచ్చటి ప్రమాణములు.

ఆ విద్య మతగ్రంథములతోనే ముగియదు. న్యాయము, వర్తకము, వైద్యము, శిల్పము, సంగీతము, కులవృత్తులు, స్త్రీల హక్కులు, పండుగలు—సమాజమునకు చెందిన దంతయు దానిలో చేరును. ముసల్మానులందరు అరబ్బులని మనలో కొందరి తలంపు. ప్రపంచమందలి ముసల్మానులలో అరబ్బులు కొద్ది భాగము మాత్రమే. అధిక సంఖ్య గలవారు ఇండోనేషియా, పాకిస్తాను, భారతదేశము, బంగ్లాదేశములవారు. మన తెలుగు దేశమునందే తరతరములుగా తెలుగే మాతృభాషగా గల దూదేకులవారున్నారు. పీర్ల పండుగనాడు మన పల్లెలలో పీరులనెత్తుకొని అలావు చుట్టు తిరుగువారిలో హిందువులెందరుందురో మీకు తెలియును. 680వ సంవత్సరమున ఇరాకు దేశపు కర్బలాలో ప్రవక్త దౌహిత్రుడైన హుసేను వీరమరణము పొందెను. ఆ దుఃఖము పదమూడు వందల యేండ్లు నడచి తెలంగాణపు చావిడికెట్లు వచ్చినది, వచ్చి తెలుగు పాటగా నెట్లు మారినది యను ప్రశ్నకు మతగ్రంథములలో జవాబు దొరకదు. సమాజమును చదువువాడే చెప్పగలడు. మదరసా యుండగా విశ్వవిద్యాలయమేల యన్నవారికి నిదియే సమాధానము.

నేను శాస్త్రముల నభ్యసించిన పద్ధతిలో నొక నియమము కలదు. సిద్ధాంతము చెప్పుటకు ముందు పూర్వపక్షమును చెప్పవలెను. అదియు ప్రతివాది తానే వచ్చి విన్నను, “ఔను, నా మతమిదియే” అని తలయూపునట్లు చెప్పవలెను. పూర్వపక్షమును వికృతము చేసి ఖండించువాడు పండిత సభలో నిలువజాలడు. ఈ నియమమును మన దేశము విషయమున పాటించినవాడొక ముసల్మాను పండితుడు. ఆయన పేరు అల్ బిరూనీ. 973లో మధ్యాసియాలోని ఖ్వారిజము దేశమున పుట్టెను. గజనీ మహమూదు దండయాత్రల కాలమున నీ దేశమునకు వచ్చి, సంస్కృతము నేర్చి, పండితులను సేవించి, 1030 ప్రాంతమున హిందువుల శాస్త్రములను, ఆచారములను గూర్చి అరబ్బీలో నొక మహాగ్రంథము వ్రాసెను. పతంజలి యోగసూత్రములను గూడ అరబ్బీలోనికి తెచ్చెను. అతని ప్రభువు కత్తిపట్టి వచ్చెను. అతడు పుస్తకము పట్టి కూర్చుండెను. ఇద్దరును ఒకే కాలమువారు, ఒకే మతమువారు. చరిత్ర చదువువాడు ఇద్దరిని వేరువేరుగా చూడ నేర్వవలెను.

అల్ బిరూనీకి పూర్వమే బాగ్దాదు నగరమున మన శాస్త్రములకు ఆదరము కలిగెను. ఎనిమిదవ శతాబ్దిలో నబ్బాసీయ ఖలీఫాల యాస్థానమున మన జ్యోతిష సిద్ధాంతము అరబ్బీలోనికి పరివర్తితమైనది. చరక సుశ్రుతుల వైద్యమును అచ్చటికి చేరెను. మన పంచతంత్ర కథలు ముందు ఇరాను భాషలోనికి పోయి, పిమ్మట ఇబ్ను ముఖఫ్ఫా చేతిలో ‘కలీలా దిమ్నా’ యను అరబ్బీ గ్రంథమైనవి. మనకు తెలిసిన కరటక దమనకులే యా నక్కలు. శూన్యముతో గూడిన మన యంకెలను అల్ ఖ్వారిజ్మీ వంటి గణితజ్ఞులు గ్రహించి వ్యాప్తి చేసిరి. యూరపువారు వానిని అరబ్బుల యంకెలనిరి, అరబ్బులు మాత్రము వానిని హిందూ అంకెలనియే పిలిచిరి. ఋణమును మరువనివారి మర్యాద యది. ఆ నాగరికతను చదివినవాడు నడుమ నడుమ మన నాగరికత యడుగుజాడలనే చూచును.

దక్కనునకు వత్తము. మన వాకిటి ముందు సాగు రహదారి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా పడమటికి పోయి బీజాపురము చేరును. ఆ నగరమును 1580 మొదలు 1627 వరకు నేలిన రెండవ ఇబ్రహీము ఆదిల్షా రచించిన ‘కితాబె నౌరసు’ అను సంగీత గ్రంథమున సరస్వతీ స్తుతి యున్నది. మనకు ఉత్తర పశ్చిమమున బీదరున్నది. అచ్చట బహమనీ మంత్రి మహమూదు గవాను 1472లో మూడంతస్తుల మదరసాను కట్టించి, దూర దేశములనుండి పండితులను రప్పించి, గ్రంథాలయము నేర్పరచెను. దాని గోడలపై పింగాణీ పలకల వన్నె నేటికిని కొంత మిగిలియున్నది. దక్కనులో నీ విద్యల చరిత్ర యెంత పాతదో యా గోడలే చెప్పును.

గోలకొండ నేలిన ఇబ్రహీము కుతుబుషా కథ మరింత బోధకమైనది. రాజ్యము రాకమునుపు అతడు ప్రాణభయమున విజయనగరమునకు పోయి, 1543 మొదలు ఏడేండ్లు అళియ రామరాయల యాశ్రయమున నుండెను. అచ్చట తెలుగు రుచి మరగెను. 1550లో గోలకొండ సింహాసన మెక్కినపిమ్మట తెలుగు కవులను పోషించెను. మన కవులాతనిని మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానమును ఆతని కంకితము చేసెను. చేవెళ్లకు దూరముకాని పటాన్‌చెరువున నుండిన అమీనుఖాను అను నధికారికి పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రము నంకితమిచ్చెను. తొలి యచ్చ తెనుగు కావ్యమదియే. కాని యీ ఇబ్రహీమే 1565లో తనకు కూడు పెట్టిన రామరాయలపై తక్కిన సుల్తానులతో కలిసి యుద్ధమునకు పోయెను. రామరాయలా యుద్ధమున మడిసెను. ఇబ్రహీమును తెలుగుభక్తుడని కొనియాడువాడు 1565ను దాచును. కృతఘ్నుడని నిందించువాడు తపతీ సంవరణమును దాచును. రెండును చెప్పువాడే చరిత్రకారుడు. విశ్వవిద్యాలయపు విద్య ముఖ్యముగా నేర్పవలసిన ధైర్యమిది.

యూరపు ఖండమున నీ విద్యకు పీఠము లేర్పడిన తీరును సంగ్రహముగా చెప్పెదను. హాలండు దేశపు లైడెను విశ్వవిద్యాలయమున 1613లో అరబ్బీ భాషకు ఆచార్యపదవి యేర్పడినది. కేంబ్రిడ్జిలో 1632న, ఆక్సుఫర్డులో 1636న నట్టి పదవులే వెలసినవి. బైబిలును తెలిసికొనుటకును, మతప్రచారమునకును, తూర్పు దేశములతో వర్తకమునకును అరబ్బీ కావలసి వచ్చుటయే దీనికి కారణము. మన దేశమున వారను హేస్టింగ్సు 1780లో కలకత్తా మదరసాను నెలకొల్పెను; న్యాయస్థానములకు ముసల్మాను ధర్మశాస్త్రమెరిగిన యుద్యోగులు కావలసియుండిరి. 1784లో విలియము జోన్సు ఏషియాటికు సొసైటీని స్థాపించెను. పాలించుటకై తెలిసికొనుట యొకటి, తెలిసికొనుటకై తెలిసికొనుట మరియొకటి. మొదటిదిగా పుట్టిన యీ విద్య క్రమముగా రెండవదిగా మారుటకు చాలకాలము పట్టినది. 1920లో అలీగఢు కళాశాల విశ్వవిద్యాలయమైనది. అదే యేట జామియా మిల్లియా పుట్టినది. 1952లో కెనడా దేశపు మాంట్రియాలు నగరమున విల్ఫ్రెడు స్మిత్తను విద్వాంసుడు ఇస్లామీయ విద్యలకు ప్రత్యేక సంస్థ నేర్పరచి, ముసల్మానులను, ముసల్మానేతరులను ఒకే బల్లకడ కూర్చుండబెట్టెను. పూర్వపక్ష నియమము యూరపు, అమెరికా ఖండములలో నీ రూపమున వెలసినదని నేను తలంతును.

మన హైదరాబాదు ఈ విద్యకు చేసిన సేవ చిన్నది కాదు. 1888లో సయ్యదు హుసేను బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూము, అన్వరుల్లా ఫారూఖీ గారల పూనికతో ‘దాయిరతుల్ మారిఫ్’ అను సంస్థ యేర్పడినది. ప్రపంచపు గ్రంథాలయములలో మూలబడియున్న అరబ్బీ వ్రాతప్రతులను సేకరించి, పాఠభేదములు పరిష్కరించి ముద్రించుట దాని పని. మన పండితులు తాళపత్ర ప్రతులను సరిచూచు పద్ధతియే యిది. అల్ బిరూనీ రచించిన జ్యోతిష మహాగ్రంథమగు ‘ఖానూను మసూదీ’ మూడు సంపుటములుగా 1954–56లో నిచ్చటనే యచ్చయినది. హిందూ శాస్త్రములపై అతడు వ్రాసిన గ్రంథపు అరబ్బీ మూలమును 1958లో నిచ్చటనే ప్రకటించిరి. మన శాస్త్రములను గూర్చిన అరబ్బీ గ్రంథమును, తొమ్మిది వందల యేండ్ల తరువాత, మన మూసీనది యొడ్డు నగరమే లోకమునకు తిరిగి యిచ్చినదన్నమాట.

మొయినాబాదువారికి జ్ఞాపకముండుటకు నొక సులభమార్గము చెప్పెదను. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరమును ముంచినపిమ్మట మీ ప్రాంతమున రెండు చెరువులు కట్టిరి. చిలుకూరునకు చేరువనున్న గండిపేట చెరువు, అనగా ఉస్మానుసాగరు, 1920లో పూర్తియైనది. ఈసీనదిపై హిమాయతుసాగరు 1927లో పూర్తియైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమై, 1919లో పాఠము లారంభించినది. ‘ఇస్లామికు కల్చరు’ అను నాంగ్ల త్రైమాసిక పత్రిక హైదరాబాదునుండి 1927లో వెలువడినది. నీటి చెరువులును విద్యాచెరువులును ఒకే కాలమున త్రవ్వబడినవి. ఆ పత్రికకు తొలి సంపాదకుడు మర్మడ్యూకు పిక్తాలు. ఆంగ్లేయుడై పుట్టి ఇస్లామును స్వీకరించి, చాదర్‌ఘాటు ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి, 1930లో ఖురాను నాంగ్లమున వెలువరించెను. హైదరాబాదున 1908లో జన్మించిన ముహమ్మదు హమీదుల్లా ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్నులోను, పారిసులోను పరిశోధన పట్టములు పొంది, ఇస్లామీయ రాజ్యముల పరస్పర ధర్మముపై ప్రామాణిక గ్రంథములు వ్రాసెను. 1959లో ఫ్రెంచి భాషలోనికి ఖురానును తెచ్చెను. 2002లో మరణించువరకు విద్యనే యాశ్రయించి యుండెను.

ఇంతవరకు వెలుగు చెప్పితిని. నీడను గూడ చెప్పవలెను. ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ. దేశభాషలో ఉన్నత విద్య చెప్పవచ్చునని లోకమునకు చాటిన ఘనత దానిది. 1917లో నేర్పడిన అనువాదశాఖ, మౌల్వీ అబ్దుల్ హక్కుగారి నాయకత్వమున, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. కాని రాజ్యమున దాదాపు సగముమంది మాట్లాడునది తెలుగు. రాయప్రోలు సుబ్బారావుగారివంటి యాచార్యులు తెలుగు శాఖలో నుండినను, తక్కిన శాస్త్రములు తెలుగు బిడ్డకు తన భాషలో దొరకలేదు. 1921లో హైదరాబాదున జరిగిన యొక సభలో తెలుగున ప్రసంగించినవారిని గేలిచేయగా, ఆంధ్రజనసంఘము పుట్టినది. ఆ యుద్యమమున ముందు నిలిచినవారిలో మొయినాబాదు ప్రాంతపు పెదమంగళారమున జన్మించిన కొండా వెంకట రంగారెడ్డిగారొకరు. 1936లో షాదునగరున జరిగిన ఆంధ్రమహాసభకు వారే యధ్యక్షులు. 1978లో మన జిల్లాకు వారి పేరు పెట్టిరి. వారు నిజాము రాజ్యపు న్యాయస్థానములలో వకీలు. ఉర్దూ న్యాయభాషను క్షుణ్ణముగా నెరిగి, ఆ భాష యేలిన కాలముననే తెలుగునకై పోరాడిరి. ఎదుటివాని భాషను నేర్చుట లొంగిపోవుట యని తలంచువారు వారి జీవితమును స్మరింపవలెను. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియానుండి అనేక విద్యార్థులను తొలగించిరి. వారిలో పలువురు నాగపురము పోయి చదువుకొనిరి. 1948లో రజాకార్ల దౌర్జన్యములును, ఆ సెప్టెంబరు పోలీసు చర్య పిమ్మట కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముసల్మాను గృహస్థులపై జరిగిన హింసయు, రెండును నిజములే. ఒకదానిని చెప్పి రెండవదానిని మింగుట పాపము.

తెలుగు పండితులీ విద్యను దూరముంచలేదని చెప్పుటకు నాకు గర్వముగానున్నది. కొమర్రాజు లక్ష్మణరావుగారు హిందూ మహాయుగముతో తృప్తిపడక మహమ్మదీయ మహాయుగమును గూడ రచించిరి. చిలుకూరి నారాయణరావుగారు బ్రాహ్మణ పండితులై యుండి, 1925లోనే ఖురానును తెలుగున వెలువరించిరి. దువ్వూరి రామిరెడ్డిగారు పారసీ నేర్చి ఉమరు ఖయ్యాము పద్యములను పానశాలగా తెలిగించిరి. బూర్గుల రామకృష్ణారావుగారు పారసీక వాఙ్మయమును తెలుగువారికి పరిచయము చేసిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు ఉర్దూ పారసీలెరిగినందుననే ఆంధ్రుల సాంఘిక చరిత్రను అంత నిండుగా వ్రాయగలిగిరి. ఇక పిఠాపురపు ఉమరు ఆలీషాగారు ముసల్మానులై పుట్టి తెలుగు పద్యమునకు కీర్తి తెచ్చిరి. ఈ రాకపోకలకు భాషయే వంతెన. వీరిలో పలువురు మూలమును ముట్టిరి.

ఆ వంతెన నేడు సన్నగిల్లుచున్నది. 1948 తరువాత ఉస్మానియాలో నాంగ్లము బోధనాభాషయైనది. గ్రామములలో ఉర్దూ లిపిని చదువగలిగిన హిందూ వృద్ధులు ఒక్కొక్కరుగా తరలిపోయిరి. ముసల్మాను యువకులలోను వెనుకటి గొలుసు వ్రాతను చదువువారరుదు. పాత క్రయపత్రములు, ఇనాము సనదులు పట్టుకొని నాయొద్దకు వచ్చి “అయ్యా, ఇందేమి వ్రాసియున్నది?” అని యడుగువారున్నారు. తాత సంపాదించిన భూమికి మనుమడు సాక్షి. కాని తాత కాగితమును చదువజాలడు. భూముల ధరలు మిన్నంటిన యీ ప్రాంతమున, చదువరాని కాగితమునకు ఇతరులు చెప్పిన యర్థమే యర్థమగును. ఇది పండితుల విచారము మాత్రమే కాదు. ప్రతి గృహస్థునకును నష్టము కలిగించు సంగతి.

అందుచేత “అది కూడు పెట్టునా?” యను ప్రశ్నకు నా సమాధానమిది. తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారమునందు షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పత్రములే లక్షకు మించియున్నవి. సాలారుజంగు సంగ్రహాలయమునను, దాయిరతుల్ మారిఫు సంస్థయందును వ్రాతప్రతులు రాసులుగానున్నవి. చదువువారు కావలెను, పట్టికలు వ్రాయువారు కావలెను, తెలుగులోనికి తెచ్చువారు కావలెను. న్యాయస్థానములకు దస్తావేజులను ప్రామాణికముగా చదువువారు కావలెను. కళాశాలలకు నధ్యాపకులు కావలెను. వైద్యమో యంత్రశాస్త్రమో చదివినంత వేగముగా ధనము రాదు. ఆ మాట దాచను. కాని పదిమందికి రాని విద్య వచ్చినవాని కెక్కడనో యొకచోట పీట వేయుదురు.

చదువ దలచినవారు దూరము పోనక్కరలేదు. ఉస్మానియాలో అరబ్బీ, పారసీ, ఉర్దూ, ఇస్లామీయ విద్యల శాఖలున్నవి. 1998లో స్థాపితమైన మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము గచ్చిబౌలిలో నున్నది; మొయినాబాదునుండి నిత్యము పోయిరాదగిన దూరము. అచ్చటను ఇస్లామీయ విద్యలకు శాఖ కలదు. విద్యార్థికి నేను చెప్పునది యొక్కటే. ముందు లిపిని, భాషను నేర్వుము. అమరకోశము రానివాడు కావ్యము చదువబోయినట్లు, ఉర్దూ పారసీలు రాక దక్కను చరిత్రకు దిగవలదు. మొదటి రెండేండ్లు అక్షరములతోనే గడచినను విసుగు పడవలదు.

ఇంటి పెద్దలకును కొన్ని పనులున్నవి. పాత కాగితములను చిత్తు కాగితములుగా పారవేయకుడు, చెదలు పట్టకుండ పొడిచోట నుంచుడు, జిగురుతో నతికింపకుడు. వానిపై ఫసలీ సంఖ్య కనబడినచో 590 కలిపి యొక చీటిపై వ్రాసి ప్రక్కనుంచుడు. ఉర్దూ చదువగల వృద్ధులు, ఏ మతమువారైనను, గ్రామమున నింకను మిగిలియున్నచో, వారి కన్నులు పనిచేయుచుండగనే పిల్లలను వారియొద్ద కూర్చుండబెట్టుడు. మసీదు గోడపై, దర్గా గుమ్మముపై, బావి రాతిపై వ్రాతలున్నచో సున్నము కొట్టించుటకు ముందు ఛాయాచిత్రము తీయింపుడు. మీ యింటి బాలికయో బాలుడో యీ విద్య కోరినచో నవ్వకుడు.

“అది వారి విద్య గదా, మనకేల?” యన్నవారి కింక నేను వేరుగా చెప్పవలసినది లేదు. మన శిస్తు మాట, మన ఫసలీ లెక్క, మన పీర్ల చావిడి, మన అచ్చ తెనుగు కావ్యపు అంకితము, మన కరటక దమనకుల ప్రయాణము—ఇవి యన్నియు నా విద్యయందు చోటుగొన్నవి. తెలిసికొన్నవాడు కలహించుటకు తొందరపడడు, పొగడుటకును తొందరపడడు. గ్రామమున నట్టివారిద్దరు ముగ్గురున్నను, పట్టణమునుండి వచ్చిన వదంతి ఊరి పొలిమేరలోనే ఆగిపోవును. పెద్దలు పిల్లల చదువు నిర్ణయించు వేళ నీ మాటలను తలంపునకు తెచ్చుకొనవలెనని నా మనవి.

స్వస్తి.